రాణిగంజ్‌లో కలిసిన పెద్దాయనకి

పెద్దాయనా, మీ పేరు అడిగేలోపే స్కూటర్ ఎక్కి వెళ్లిపోయారు. అందుకే అందరి ముందూ ఇలా థాంక్స్ చెబుతున్నాను. రెజిన్ షాపులో నా ఫోన్‌లో మా పాత తెరచాప పడవ ఫొటోలు చూసి, "పైన ఇంకో పొర ఫైబర్ వేస్తే లోపలి కుళ్లు ఆగదు బాబూ" అన్నది మీరే.

మీరు చెప్పినట్టే సుత్తి పిడితో కాక్‌పిట్ (పడవలో కూర్చుని నడిపే చోటు) ఫ్లోరంతా తట్టి చూశాం. బాగున్నచోట ఖంగుమంది, కుళ్లినచోట మొద్దు శబ్దం. చాక్‌పీసుతో గీత గీసి పై పొర కోస్తే, ఫైబర్ పొరల మధ్య ఉండే తేలికపాటి బాల్సా చెక్క నానిన అటుకుల్లా చేతికొచ్చింది. నీళ్లు దిగింది ఫిట్టింగుల స్క్రూ రంధ్రాల్లోంచే. వాటి సీలెంట్ ఎప్పుడో పోయింది.

వానాకాలంలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఏదైనా ఆరబెట్టడమంటే ఎంత టెన్షనో మీకు తెలియనిది కాదు. టార్పాలిన్ కింద ఫ్యాన్లు పెట్టి, పూర్తిగా ఆరేదాకా ఆగాం. తర్వాత కుళ్లిన బాల్సా బదులు మెరైన్ ప్లైవుడ్ (నీళ్లకు తట్టుకునే రకం), దాన్ని అతికించడానికి చిక్కటి ఎపాక్సీ రెజిన్. పాలియెస్టర్ రెజిన్ చవకే, కానీ పాత ఫైబర్‌కి ఎపాక్సీ అంటుకున్నంత గట్టిగా అది అంటుకోదని మీరన్నారు. అతుకు దగ్గర అంచుల్ని మందానికి 12 రెట్ల వెడల్పున ఏటవాలుగా గ్రైండ్ చేశాం (ఆ దుమ్ము దురద పగవాడికి కూడా వద్దు).

అన్నిటికంటే పనికొచ్చింది స్క్రూల సలహా: రంధ్రాన్ని పెద్దదిగా తొలిచి, ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ డ్రిల్ చేయడం. ఇక నీళ్లు చెక్కను తాకే దారే లేదు.

ఆదివారాలు పడవ దగ్గరే ఉంటాం, ఓసారి రండి. మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) అడుగున కూడా కాస్త మెత్తగా ఉంది, అదీ మీకే చూపించాలి.