భోగాపురానికి పెద్ద విమానం అడగండి

సంపాదకులు గారికి,
నమస్కారం.

మా విజయనగరం జిల్లాలోని భోగాపురం కొత్త విమానాశ్రయం గురించి పత్రికల్లో రోజూ ఏదో ఒక వార్త చదువుతున్నాం. ఎన్ని విమానాలు వస్తాయి, ఏయే ఊళ్లకు వెళ్తాయి అన్నదే అందరి నోటా వినిపిస్తోంది. ఎంత పెద్ద విమానం వస్తుందని మాత్రం ఎవరూ అడగడం లేదు. అది అడగాలనే ఈ ఉత్తరం.

కిందటి వేసవిలో నేనూ మా ఆవిడా లండన్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్లాం. అక్కడి నుంచి నాలుగు రోజులు మాడ్రిడ్ చూసొద్దామని టికెట్లు తీసుకున్నాం. (బ్రిటన్ వీసా స్పెయిన్‌లో చెల్లదు. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా విడిగా తీసుకోవాలి. మేం ఇక్కడున్నప్పుడే తీసుకున్నాం, వెళ్లేవాళ్లు మరిచిపోవద్దు.) గాల్లో ఉండేది రెండు గంటల పైచిలుకు, అంటే విశాఖ నుంచి ఢిల్లీ వెళ్లినంత సేపు. ఇంత దగ్గర ప్రయాణానికి మనం విశాఖలో ఎక్కేలాంటి విమానమే వస్తుందనుకున్నాను. నడిమధ్య ఒకటే దారి, అటు మూడు సీట్లు, ఇటు మూడు. తీరా లండన్ హీత్రూ విమానాశ్రయంలో గేటు దగ్గర అద్దంలోంచి చూస్తే నిలబడి ఉన్నది స్పెయిన్ విమాన సంస్థ ఐబీరియా వారి ఎయిర్‌బస్ ఏ350. సముద్రాలు దాటి దక్షిణ అమెరికాకు పోయే విమానం. మొత్తం 348 సీట్లు, అందులో ఎకానమీవే 293.

మా ఆవిడకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయకపోతే కాళ్లు బిగుసుకుపోతాయి. చిన్న విమానంలో ఇది పెద్ద టెన్షన్. ట్రాలీ వచ్చిందంటే ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది, అది వెనక్కి వెళ్లేదాకా ఆవిడ పళ్లు బిగబట్టుకుని కూర్చోవాల్సిందే. ఏ350లో వరుసకు తొమ్మిది సీట్లు, మధ్యలో రెండు దారులు. మాకు నడిమి మూడు సీట్లలో చివరివి దొరికాయి. ట్రాలీ మా పక్క దారిలో నిలిచి ఉండగానే ఆవిడ వెనక వైపు నుంచి చుట్టి రెండో దారిలోకి వెళ్లింది. ఒక్కో సీటు వీపు మీద చెయ్యి ఆనించుకుంటూ ముందు దాకా నడిచి తిరిగొచ్చింది. ఎవర్నీ లేపలేదు, ఎవరికీ సారీ చెప్పలేదు. దిగేలోగా అలా మూడుసార్లు తిరిగింది. నలభై ఏళ్ల సంసారంలో ప్రయాణం అయ్యాక ఆవిడ కాళ్లనొప్పులు అనకపోవడం నేను చూడటం అదే మొదలు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. సీటు వెడల్పులో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాఫీ కూడా కొనుక్కునే తాగాం. అందరూ ఎక్కి కూర్చునేసరికి చిన్న విమానం కంటే ఎక్కువ సేపే పట్టింది. కానీ పైకప్పు ఎత్తుగా ఉంది, గాలి హాయిగా ఉంది. ఏ350 లోపలి గాలి ఒత్తిడి ఆరు వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారట. చాలా విమానాల్లో అది ఎనిమిది వేల అడుగుల దాకా పోతుంది. ముసలివాళ్లకు, ఆయాసం ఉన్నవాళ్లకు ఆ తేడా చిన్నదేం కాదు.

ఇంత దగ్గర ప్రయాణానికి ఇంత పెద్ద విమానం ఎందుకని అల్లుణ్ని అడిగాను. హీత్రూలో ఉన్నవి రెండే రన్‌వేలు, కొత్త విమానానికి వేళ దొరకడం గగనం, అందుకని వచ్చేదే పెద్దది వస్తే ఎక్కువ మంది ఎక్కుతారు అన్నాడు. దూర ప్రయాణం చేసి మాడ్రిడ్ వచ్చిన విమానం మళ్లీ రాత్రికి వెళ్లేలోగా అక్కడ ఊరికే నిలబడి ఉండే బదులు లండన్ వెళ్లి వస్తుంది. పైగా కింద సరుకూ పడుతుంది. మన దేశంలో మాత్రం జరగలేదా? ఎయిర్ ఇండియా తన మొదటి ఏ350ని విదేశాలకు పంపకముందు, 2024 జనవరి 22 నుంచి బెంగళూరు, ముంబయి మధ్య నడిపింది. కొన్నేళ్ల క్రితం విశాఖ నుంచి హైదరాబాద్ మీదుగా దుబాయ్‌కీ విమానం తిరిగింది. అంటే దగ్గర దారికి దూరం దారిని ముడిపెట్టడం మనకూ తెలిసిన పనే.

నేను భోగాపురం నుంచి రేపటికి రేపు లండన్‌కు విమానం కావాలని అడగడం లేదు. యూరప్ నుంచి ఢిల్లీకి వచ్చిన పెద్ద విమానాన్ని వారానికి రెండు రోజులు భోగాపురం దాకా పొడిగించమంటున్నాను. భోగాపురం రన్‌వే పొడవు 3,800 మీటర్లు. హీత్రూలో దక్షిణం వైపు రన్‌వే 3,658 మీటర్లే. లెక్కల మాస్టారుగా పనిచేసినవాణ్ని, ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూశాక ఊరుకోలేకపోయాను.

మూడు వందల మంది ఎక్కడ దొరుకుతారని పొద్దున నాతో నడకకు వచ్చే మిత్రులు అంటున్నారు. విజయనగరం ఒక్కటే చూస్తే దొరకరు. విశాఖ, శ్రీకాకుళం, పార్వతీపురం, సరిహద్దు దాటితే ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, వీళ్లందరికీ అదే దగ్గర. శ్రీకాకుళం జిల్లా కవిటి, కంచిలి, సోంపేట కుర్రాళ్లు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా దేశాలు పట్టిపోతున్నారు. వాళ్లెవరూ బిజినెస్ క్లాసులో వెళ్లరు. తాడు బిగించిన పెట్టె పట్టుకుని, ముందు రైల్లో ఒక రాత్రి గడిపి, ఆ తర్వాత విమానాశ్రయంలో ఇంకో రాత్రి నేల మీద పడుకుని ఎకానమీలో ఎక్కేవాళ్లు. మా సంగతే చూడండి. లండన్ నుంచి హైదరాబాద్‌కు పది గంటల్లోపే వచ్చేశాం. అక్కడి నుంచి సికింద్రాబాద్ చేరి, విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి విజయనగరంలో దిగడానికి అంతకు మించిన సమయం పట్టింది. నాలుగు పెట్టెలతో, ఆ మోకాళ్లతో.

ఇక సరుకు. పెద్ద విమానం కడుపులో కంటైనర్లు పడతాయి. మన మామిడి విజయనగరం స్టేషన్‌లో రైలెక్కి ఢిల్లీ పోతోంది. పండిన కాయ అన్ని రోజులు ఆగదు కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడే కోసేస్తారు. చెట్టున ఇంకో నాలుగు రోజులు ఉంచి కోస్తే రైతుకు వచ్చే ధరే వేరు.

పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం ఎంపీ. విమాన సంస్థలతో మాట్లాడేటప్పుడు ఈ మాట వారి ముందు పెట్టాలని నా మనవి. దాంతోపాటే ఇంకొకటి. మాడ్రిడ్‌లో మేం దిగినప్పుడు మూడు వందల మందీ ఒక్కసారే పాస్‌పోర్టు వరుసలోకి వచ్చారు. వరుస పొడుగ్గానే ఉంది, కానీ కౌంటర్లు చాలినన్ని ఉన్నాయి కాబట్టి ఆగకుండా కదిలింది. భోగాపురంలోనూ ఇమిగ్రేషన్ కౌంటర్లు, సామాను బెల్టులు, చక్రాల కుర్చీలు చిన్న విమానం లెక్కన కాకుండా పెద్ద విమానం లెక్కన ఇప్పుడే పెట్టించాలి.

బయల్దేరే వేళ ఉదయం పది తర్వాత పెడితే మంచిది. ఇచ్ఛాపురం వాళ్లు తెల్లవారుజామున బస్సెక్కినా అందుకోగలుగుతారు.

ఇట్లు,
విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
కంటోన్మెంట్, విజయనగరం