మీ గ్రూమింగ్ కిట్‌లో బ్లేడు అమరిక, తెలుగు సూచనల పుస్తకం గురించి ఫిర్యాదు

విజయవాడ

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: ఇంట్లో కుక్కలకు వాడే క్లిప్పర్ కిట్ వల్ల కుక్కలకు గాయాలు కావడం, సూచనల పుస్తకాన్ని వెనక్కి తీసుకోమని కోరడం

అయ్యా,

విజయవాడ, గుంటూరుల్లో కుక్కల గ్రూమింగ్ (బొచ్చు కత్తిరించి, శుభ్రం చేసే) పనిలో ఉన్నవాళ్ళం, ఇంట్లో తమ కుక్కలకు తామే బొచ్చు కత్తిరించుకునేవాళ్ళం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. మీ కిట్‌లో క్లిప్పర్ (బొచ్చు కత్తిరించే) మిషన్, బ్లేడుకు తగిలించే నాలుగు ప్లాస్టిక్ గార్డు దువ్వెనలు, గోళ్ళ కట్టర్, షాంపూ, చిన్న నూనె సీసా, తెలుగు సూచనల పుస్తకం వస్తున్నాయి. మోటారు మీద మాకు పేచీ లేదు. శబ్దం తక్కువ, చేతికి బరువుగా ఉండదు, బెదిరే కుక్క కూడా ఓర్చుకుంటుంది. గాయాలు వస్తున్నది బ్లేడు అమరిక వల్ల, పుస్తకంలో మీరు రాసిన మాటల వల్ల. పుస్తకాన్ని నమ్మి అలాగే చేసినవాళ్ళ కుక్కలే దెబ్బతింటున్నాయి.

ముందు బ్లేడు సంగతి. మీ మిషన్‌లో కదలని స్టీలు బ్లేడు ఒకటి, దాని మీద అటూ ఇటూ ఆడే సిరామిక్ బ్లేడు ఒకటి ఉన్నాయి. ఆడే బ్లేడు పళ్ళ మొనలు స్టీలు బ్లేడు మొనల కన్నా దాదాపు ఒక మిల్లీమీటరు వెనక్కి ఉండాలి. ఆ కాస్త ఎడమే చర్మాన్ని కాపాడుతుంది. రెండు మొనలూ సమానమైతే చర్మం గీసుకుపోతుంది, ఆడే బ్లేడు ముందుకు వస్తే తెగుతుంది. మీ పుస్తకం 'వాడిన తర్వాత రెండు స్క్రూలు విప్పి బ్లేడును నీళ్ళతో కడగండి' అంటుంది. తిరిగి బిగించేటప్పుడు ఏది ఎంత వెనక్కి ఉండాలో ఒక్క ముక్క రాయలేదు, బొమ్మ కూడా వేయలేదు. విప్పినవాళ్ళు కంటికి నీటుగా కనిపించేలా రెండు మొనలూ కలిపి బిగిస్తారు. ఎవరైనా అలాగే చేస్తారు. కొన్ని మిషన్లు పెట్టెలోంచి తీసినప్పుడే అలా ఉన్నాయి. ఫొటోలు జత చేశాం.

తెగుతున్న చోట్లు కూడా అన్ని కుక్కల్లో ఒకటే: చెవి అంచులు, చంకలు, తొడకూ పొట్టకూ మధ్య ఉండే పలచటి చర్మపు మడత, ఆడకుక్కల చనుమొనలు, వెనక కాలి మడమ పైన ఉండే స్నాయువు. ఈ చోట్ల చర్మాన్ని రెండో చేత్తో సాగదీసి పట్టుకుని, బ్లేడును చర్మానికి పడుకోబెట్టినట్టు నడపాలి. మొన గుచ్చుకునేలా నిలబెట్టకూడదు. పుస్తకంలో ఈ మాట లేదు.

వేడి గురించీ లేదు. పెట్టె మీద 'ఒక్క చార్జింగ్‌తో ఏకధాటిగా గంట' అని పెద్ద అక్షరాలతో వేశారు. బ్యాటరీ గంట వస్తుంది, నిజమే. బ్లేడు మాత్రం అంతసేపు చల్లగా ఉండదు. రెండు బ్లేడ్లు రాసుకుని వేడెక్కుతాయి, నూనె ఆరితే ఇంకా త్వరగా. ఐదు నిమిషాలకోసారి బ్లేడును మన మణికట్టు లోపలి వైపు ఆనించి చూడాలి. మనకు చురుక్కుమంటే కుక్క పొట్టకు అంతకన్నా ఎక్కువ. ఈ కాలిన గాయం అప్పటికప్పుడు కనిపించదు. కొన్ని గంటలు గడిచాక ఎర్రబడుతుంది, కుక్క అక్కడే నాకుతూ, గోకుతూ పుండు చేసుకుంటుంది. ఇంట్లోవాళ్ళు షాంపూ పడలేదనుకుంటారు. నూనె 'వారానికోసారి' అని రాశారు. పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ పళ్ళ మీద, బ్లేడ్లు రాసుకునే చోట మూడు నాలుగు చుక్కలు వేసి, మిషన్ కాసేపు తిప్పి, మిగిలింది తుడిచేయాలి. నీళ్ళతో కడిగి నూనె వేయకుండా వదిలేస్తే స్టీలు తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన బ్లేడు బొచ్చును కత్తిరించదు, పీకుతుంది.

అన్నిటికన్నా మాకు బాధ కలిగించేది ఎండాకాలం పేజీ. 'వేసవిలో అన్ని జాతుల కుక్కలకూ బొచ్చు చర్మం దాకా తీసేయండి, చల్లగా ఉంటాయి' అని రాసి, గుండు చేసిన గోల్డెన్ రిట్రీవర్ బొమ్మ వేశారు. రోహిణి కార్తె ఎండలకు ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఈ ఆలోచన వస్తుంది. పామేరియన్‌ను సెలూన్‌కు తెచ్చి 'గుండు కొట్టేయండి' అని అడిగేవాళ్ళకు నచ్చజెప్పడానికే మాకు సగం సమయం పోతుంది. అలాంటిది మీరే అచ్చు వేసి ఇస్తున్నారు. కుక్క ఒళ్ళంతా చెమట పట్టించి చల్లబడే జీవి కాదు. ప్రధానంగా రొప్పుతూ వేడి వదులుతుంది. పామేరియన్, గోల్డెన్, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, హస్కీలకు రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన గరుకు వెంట్రుక ఎండను చర్మానికి తగలనివ్వదు, అడుగున మెత్తటి బొచ్చు బయటి వేడిని ఆపుతుంది. రెండూ తీసేస్తే చర్మం ఎండకు కమిలిపోతుంది. తిరిగి మొలిచేటప్పుడు మెత్తటి బొచ్చు ముందు వస్తుంది, పైపొర నెలల తరబడి రాదు. కొన్నిటికి అక్కడక్కడా బట్టతలలా ఉండిపోతుంది.

వీటికి వేసవిలో చేయాల్సింది ఊడిన అడుగు బొచ్చును తీసేయడం. ముందు అండర్‌కోట్ రేక్‌తో (అడుగు బొచ్చు తీసే పొడవాటి పళ్ళ దువ్వెనతో) వెంట్రుక వాలు వైపు లాగాలి, తర్వాత స్నానం, ఆపైన వేడి లేని గాలి బలంగా కొట్టే బ్లోయర్‌తో ఆరబెట్టాలి. మిగిలిన ఊడు బొచ్చు ఆ గాలికే ఎగిరిపోతుంది. క్లిప్పర్ వాడాల్సిన చోట్లు అరికాళ్ళ మెత్తల మధ్య, మలద్వారం చుట్టూ, పొట్ట కింద. అంతే. షిట్జూ, పూడిల్ లాంటి పెరిగే బొచ్చు కుక్కల సంగతి వేరు. వాటిని పొట్టిగా కత్తిరించవచ్చు, ఆ తేడా పుస్తకంలో ఉండాలి.

'ముందు స్నానం చేయించి తర్వాత దువ్వండి' అన్నది కూడా తిరగేసి రాశారు. చిక్కు మీద నీళ్ళు పడితే అది బిగుసుకుని అట్ట కడుతుంది, ఆ తర్వాత చర్మం దాకా కత్తిరించడం తప్ప దారి ఉండదు. ముందు స్లిక్కర్ బ్రష్‌తో (సన్నటి తీగ పళ్ళున్న బ్రష్‌తో) పాయలు పాయలుగా విడదీసి, ఇనుప దువ్వెన చర్మం నుంచి మొన దాకా అడ్డులేకుండా దిగిందో లేదో చూసుకోవాలి. చెవుల వెనక, చంకల్లో, మెడ పట్టీ కింద తప్పకుండా చూడాలి. అప్పుడు స్నానం, పూర్తిగా ఆరాక కత్తిరింపు. తడి బొచ్చు మీద, అట్ట కట్టిన బొచ్చు మీద మీ గార్డు దువ్వెనలు నడవవు, చిక్కుకుంటాయి. చిరాకుపడి గార్డు తీసేసి ఉత్త బ్లేడు పెడతారు, ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

షాంపూ సీసా మీద పీహెచ్ (ఆమ్లగుణం కొలత) 5.5 అని గొప్పగా వేశారు. అది మనిషి చర్మానికి దగ్గరి అంకె. కుక్క చర్మం అంత ఆమ్లంగా ఉండదు, తటస్థానికి దగ్గరగా ఉంటుంది. ఎన్ని నీళ్ళు కలపాలో కూడా రాయలేదు. బోరు నీళ్ళతో స్నానం చేయించే ఇళ్ళలో చిక్కటి షాంపూ సరిగా వదలదు, ఆ జిగురే దురదకు కారణమవుతుంది.

కుక్కపిల్లల పేజీలో 'నెల వయసు నుంచి వాడవచ్చు' అన్నారు. ఆ వయసు పిల్ల ఒంటి వేడిని పెద్ద కుక్కలా నిలుపుకోలేదు, తడిపితే వణికిపోతుంది. రెండు నెలలు నిండేదాకా తడి గుడ్డతో తుడిస్తే చాలు. టీకాల వరుస నాలుగు నెలల దాకా సాగుతుంది. అది పూర్తికాని పిల్లను పలు కుక్కలు వచ్చే సెలూన్‌కు తీసుకెళ్ళాలా వద్దా అన్నది డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి, ఎందుకంటే కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. ఈలోగా ఇంట్లో చేయాల్సింది అలవాటు చేయడం: ఆపిన మిషన్‌ను ఒంటికి ఆనించి తిండి పెట్టడం, తర్వాత దూరంగా ఆన్ చేసి శబ్దం వినిపించడం, రోజుకు ఐదు నిమిషాలు, అంతకు మించి వద్దు. గోళ్ళ కట్టర్‌తో రక్తం ఆపే పొడి ఇవ్వలేదు. నల్ల గోళ్ళలో లోపలి రక్తనాళం కనిపించదు కాబట్టి అది కిట్‌లో ఉండి తీరాలి.

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే 'కుక్క కదిలి ఉంటుంది' అని జవాబు వస్తోంది. కుక్క కదులుతుంది. కదిలినా తెగకుండా ఉండేందుకే బ్లేడును వెనక్కి అమరుస్తారు.

కాబట్టి ఇప్పుడు అమ్మకంలో ఉన్న పెట్టెల్లో పాత పుస్తకం తీసేసి, పశువైద్యుడు, పని తెలిసిన గ్రూమర్ ఇద్దరూ చూసి సరిదిద్దిన తెలుగు పుస్తకం పెట్టండి. బ్లేడు అమరిక బొమ్మ అందులో మొదటి పేజీలోనే ఉండాలి. ఇప్పటికే కొన్నవాళ్ళకు ఆ పేజీని ఫోన్‌కు పంపండి. అమరిక తప్పుగా వచ్చిన మిషన్లకు బ్లేడు జత ఉచితంగా మార్చండి, వద్దన్నవాళ్ళకు డబ్బు తిరిగి ఇవ్వండి. గాయాలకు అయిన వైద్య ఖర్చుల బిల్లులు జతచేశాం, వాటిని చెల్లించండి. గుండు చేసిన గోల్డెన్ బొమ్మను ప్రకటనల్లోంచీ తొలగించండి.

హాని జరగకుండా సరిగా వాడే పద్ధతి చెప్పకపోయినా, తగిన హెచ్చరిక ఇవ్వకపోయినా తయారీదారు బాధ్యత వహించాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ చెబుతోంది. ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే 1915 జాతీయ హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. పుస్తకం కొత్తగా రాసేటప్పుడు చిత్తుప్రతి పంపితే చదివి, తప్పులు గుర్తించి ఇస్తాం. దానికి మాకు రుసుము అక్కర్లేదు.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు గ్రూమర్లు, కుక్కల పెంపకందార్లు

జతపరచినవి: కొనుగోలు రసీదుల నకళ్ళు, బ్లేడ్ల ఫొటోలు, గాయాల ఫొటోలు, వైద్య బిల్లులు, సూచనల పుస్తకంలో తప్పులున్న పేజీల నకళ్ళు