శనివారం గుమ్మడి తోట: బయలుదేరే ముందు చదవండి

అందరికీ నమస్కారం. ఈ శనివారం పిల్లలతో కాలిఫోర్నియా సముద్రతీరంలోని హాఫ్ మూన్ బే ఊళ్ళో గుమ్మడి తోటకి వెళ్తున్నాం కదా, ఉదయం 8 కల్లా ఇంటి నుంచి బయలుదేరండి. శాన్ మటేయో నుంచి కొండ దాటి వెళ్లే 92వ నంబరు రోడ్డు అక్టోబర్ వారాంతాల్లో బాగా జామ్ అవుతుంది. పోయిన ఏడాది మా చిన్నది కారులోనే ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది, తోట చూడనేలేదు. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇక్కడ ఎండ కాస్తున్నా అక్కడ సముద్రపు పొగమంచు, చలిగాలి ఉండొచ్చు. పిల్లలకి స్వెట్టర్లు, పాత బూట్లు వేయండి.

గుమ్మడికాయని తొడిమ పట్టుకుని ఎత్తనివ్వకండి. తొడిమ ఊడితే కాయ అక్కడి నుంచే కుళ్ళడం మొదలవుతుంది. హాలోవీన్ పండక్కి ముఖాలు చెక్కే పెద్ద కాయలు కూరకి రుచిగా ఉండవు, పీచూ నీళ్ళూ ఎక్కువ. దప్పళం పెట్టుకోవాలంటే చిన్నగా, గుండ్రంగా ఉండే ‘షుగర్ పై’ (sugar pie) అనే రకం అడిగి తీసుకోండి. గింజలు మాత్రం ఏ కాయవైనా పారేయకండి. కడిగి, ఆరబెట్టి, ఉప్పూ కారం చల్లి వేయిస్తే పిల్లలు ఇష్టంగా తింటారు.

అన్నట్టు, 2023లో హాఫ్ మూన్ బేలో జరిగిన గుమ్మడికాయల తూకం పోటీలోనే 2,749 పౌండ్ల కాయ అప్పటి ప్రపంచ రికార్డు సాధించింది. అంటే దాదాపు 1,247 కిలోలు! దారిలో పిల్లలకి చెప్పండి, కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు.

పులిహోర, పెరుగన్నం మేం తెస్తాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల కోసం మడత కుర్చీలు ఉన్నవాళ్ళు తెండి. ఎవరి కారులో ఎన్ని సీట్లు ఖాళీయో శుక్రవారం రాత్రికల్లా ఇక్కడ పెట్టండి.