టెక్కలి నుంచి విశాఖకు 160 కిలోమీటర్లు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. నేను శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో సోషల్ టీచర్ని. రొమ్ము క్యాన్సర్‌కి కీమో తీసుకుంటున్నాను. 21 రోజులకొకసారి ఎక్కించే ‘ఎర్ర మందు’ 4 డోసులు అయిపోయాయి. ఇప్పుడు వారానికొకటి చొప్పున 12 డోసుల పాక్లిటాక్సెల్ అనే కీమో మందు నడుస్తోంది. మొన్నటితో 10 పూర్తయ్యాయి.

వైద్యం విశాఖపట్నంలో. మా ఊరి నుంచి సుమారు 160 కిలోమీటర్లు. తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరితే ఇంటికి తిరిగొచ్చేసరికి రాత్రి 10 దాటుతుంది. మందు ఎక్కేది ఓ గంట. దాని ముందు ఇచ్చే ఇంజెక్షన్లు, ఎదురుచూపులు కలిపినా సగం రోజు. మిగతాదంతా రోడ్డే.

డిసెంబరు చివర్లో ఆసుపత్రి బెంచీ మీద నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. వజ్రపుకొత్తూరు వైపు ఊరు. మా ప్రాంతంలో చుట్టని వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు మీకు తెలిసే ఉంటుంది, అడ్డపొగ అంటాం. ఆవిడ చిన్నప్పటి నుంచీ కాల్చింది. అంగిట్లో క్యాన్సర్. ఆపరేషన్ అయింది, ఇక 33 సార్లు రేడియేషన్ పెట్టాలన్నారు. వారానికి 5 రోజుల చొప్పున ఆరున్నర వారాలు విశాఖలోనే ఉండాలి. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, సరిగ్గా తిరగని నోటితో చెప్పింది:

“టీచరమ్మా, నా కోడలు జీడిపిక్కల పని మానేసి నాతో తిరుగుతోంది. ఇంటికాడ ఇద్దరు గుంటలు. నేనింక రానమ్మా. ఏదైతే అది అవుద్ది.”

రేడియేషన్‌కి ఆవిడ ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఎన్టీఆర్ వైద్య సేవలో అయిపోతుంది. స్త్రీశక్తి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆవిడకీ కోడలికీ టికెట్ కూడా లేదు. ఈ రెంటికీ ప్రభుత్వానికి మనస్ఫూర్తిగా దండం పెడుతున్నాను. కానీ ఆరున్నర వారాలు ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి, కోడలి కూలి లేకపోతే ఇంట్లో పిల్లలు ఏం తినాలి? ఆవిడ వైద్యం మానేయాలనుకున్నది ఈ లెక్క తేలకే. నాకు జీతంతో సెలవుంది, ఉద్యోగుల హెల్త్ కార్డుంది, తోడు రావడానికి మా ఆయనున్నారు. ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ మొత్తం దారంతా ఏడ్చాను.

మా 9వ తరగతి పిల్లలకు ప్రతి ఏటా టెర్రీ ఫాక్స్ గురించి చెబుతాను. ఎముక క్యాన్సర్‌తో కుడికాలు పోయిన కెనడా కుర్రాడు. 1980లో కృత్రిమ కాలితో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. క్యాన్సర్ పరిశోధన కోసం దేశంలో ప్రతి మనిషి దగ్గరా ఒక్క డాలరు అడిగాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకడంతో మధ్యలో ఆగిపోయాడు. మరుసటి ఏడాది చనిపోయేనాటికి అతనికి 22 ఏళ్లు. పరిగెత్తడం నా వల్ల కాదు. నడవగలను కదా అనిపించింది. మా ఊరికీ విశాఖకీ మధ్య ఉన్న 160 కిలోమీటర్లూ మా బడి మైదానంలోనే, ఈ 12 డోసులూ పూర్తయ్యేలోపు నడుస్తాననీ, ఆ పెద్దావిడ విశాఖలో ఉండే ఖర్చు కోసం నాకు తెలిసినవాళ్లు కిలోమీటరుకు ఒక రూపాయి చొప్పున 160 రూపాయలు ఇవ్వాలనీ అడిగాను. ఇద్దరు తోటి టీచర్లతో కలిపి జాయింట్ అకౌంటు తెరిచాం.

ఇరుగుపొరుగు ఊరుకోలేదు. “ఏటమ్మా, ఒంట్లో బాగోనప్పుడు ఈ తిరుగుడేటి? పడుకోక!” అన్నారు. డాక్టరు గారిని అడిగే మొదలుపెట్టాను. ఆవిడ ఒప్పుకున్నారు, షరతులతో. రక్తంలో తెల్లకణాల కౌంట్ బాగుండాలి, ఎండెక్కాక తిరగకూడదు, జనంలోకి వెళ్తే మాస్క్ ఉండాలి. జ్వరం 100.4 డిగ్రీలు తాకితే నడక సంగతి వదిలేసి వెంటనే ఆసుపత్రికి రావాలి. కీమో రోజున నడవను. మిగతా రోజుల్లో పొద్దున్నే రెండు కిలోమీటర్లు, ఓపిక ఉంటే ఇంకొంచెం.

మా పిల్లలు రోడ్డు మ్యాపు గీసి క్లాసు గోడకు అంటించారు. నేను మైదానంలో ఎంత నడిస్తే మ్యాపులో అంత ముందుకు ఎర్ర గీత. కోటబొమ్మాళి, నరసన్నపేట, మడపాం దగ్గర వంశధార వంతెన. “టీచర్, రథసప్తమికి అరసవల్లి చేరిపోవాలి” అని పట్టుబట్టారు. చేరలేకపోయాను. కౌంట్ పడిపోయి ఆ వారం డోసు ఆపేశారు, నడకా ఆపేశారు. రథసప్తమి నాడు నేను నరసన్నపేటలోనే ఉన్నాను. అరసవల్లి చేరేసరికి ఇంకో 9 రోజులు పట్టింది. అప్పటికి పాదాల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి, ఈ మందుకు అది మామూలేనట. నేల మీద కాలు పెడితే దూది మీద పెట్టినట్టుండేది. కొన్ని రోజులు మా ఆయన చెయ్యి పట్టుకుని నడిచాను. కానీ నడిచిన రోజు నీరసం తక్కువగా ఉండేది, రాత్రి నిద్ర పట్టేది. ఇది నా ఒంటి మీద నేను చూసుకున్న సంగతి.

ఆ వారం డోసు ఆపిన సంగతి కూడా మీకు చెప్పాలి. ఆ రోజు 160 కిలోమీటర్లు వెళ్లి రక్తపరీక్ష ఇస్తే, తెల్లకణాలు తక్కువున్నాయి, వచ్చే వారం రండి అన్నారు. వెళ్లిన దారినే తిరిగొచ్చాను. తర్వాత నుంచి ముందు రోజే టెక్కలిలో పరీక్ష చేయించుకుని రిపోర్టు ఫోన్లో పంపుతున్నాను. ఇలా పంపొచ్చని నాకెవరూ చెప్పలేదు, నేనే అడిగి తెలుసుకున్నాను. అడగడం తెలియనివాళ్లు కూలి మానుకుని వచ్చి వట్టి చేతులతో వెనక్కి పోతున్నారు. సీబీసీ అనే ఆ చిన్న పరీక్షను కీమో రోగులకు ఊరికి దగ్గరున్న ప్రభుత్వ ఆసుపత్రిలో ముందు రోజే చేసి, ఫలితం విశాఖకు పంపే పద్ధతి పెట్టండి. కొత్త భవనం అక్కర్లేదండి దీనికి. ఒక ఆర్డరు చాలు.

రెండోది, అసలైనది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో, కీమో ఎక్కించుకుని అదే రోజు ఇంటికెళ్లిపోయే డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామన్నారు, మొదటి ఏడాదే 200 అన్నారు. మా టెక్కలి జిల్లా ఆసుపత్రిలో అది రోజూ పనిచేసేది ఏ తేదీ నుంచో మాకు చెప్పండి. నేను తీసుకునేలాంటి వారపు డోసులకు అది సరిగ్గా సరిపోతుంది. మొదటి ఒకటి రెండు డోసులు పెద్దాసుపత్రిలోనే ఇవ్వాలి, రియాక్షన్ వస్తే చూసుకోవడానికి. అవి సాఫీగా జరిగితే మిగతావి ఇక్కడ ఇవ్వొచ్చు. మందు కలపడానికి భద్రమైన క్యాబినెట్, కీమోలో శిక్షణ పొందిన నర్సులు, అత్యవసర మందులు, విశాఖ డాక్టరుతో ఫోన్ సంబంధం ఉండాలి. బోర్డు పెట్టి నర్సుని వేయకపోతే మాత్రం మాకు ఉపయోగం లేదు. ఉద్దానంలో కిడ్నీ రోగుల కోసం డయాలసిస్‌ను ఊళ్ల దగ్గరికి తెచ్చారు, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. రోగి దగ్గరికి వైద్యం వస్తే ఏమవుతుందో మా జిల్లాకు బాగా తెలుసు.

రేడియేషన్ యంత్రం ప్రతి జిల్లా ఆసుపత్రిలో పెట్టలేరు, అర్థం చేసుకోగలను. అందుకే విశాఖలో రేడియేషన్ రోగికీ తోడుగా వచ్చిన ఒకరికీ ఉండడానికి చోటు, రెండు పూటలా భోజనం ఏర్పాటు చేయండి. నేను నడిచేది దీని కోసమే.

ఇంకొక్క మాట. నాకిచ్చిన డిశ్చార్జ్ కాగితాల్లో ఏం తినాలో ఉంది, ఎప్పుడు నడవాలో, ఎంత కదలాలో లేదు. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో 2022లోనే చికిత్స జరుగుతుండగా వ్యాయామం చేయించమని చెప్పింది. కీమో పూర్తయిన 889 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులపై జరిగిన ‘ఛాలెంజ్’ పరిశోధన ఫలితాలు 2025లో వచ్చాయి. మూడేళ్లు దగ్గరుండి వ్యాయామం చేయించిన వారిలో 8 ఏళ్లకు 90 శాతం మంది బతికున్నారు, పుస్తకం ఇచ్చి వదిలేసిన వారిలో 83 శాతం. నా జబ్బు వేరు, నా దశ వేరు, తెలుసు. అయినా ప్రతి కీమో రోగినీ ఒక్కసారి ఫిజియోథెరపిస్టు చూసి, తెలుగులో ఒక కాగితం రాసిస్తే మా ఊళ్లో “పడుకోక” అనేవాళ్లకు చూపించుకుంటాం.

ఇక మా లెక్క. చాలామంది 160 చొప్పున ఇచ్చారు, కొందరు ఎక్కువే ఇచ్చారు. మా బడి మధ్యాహ్న భోజనం వండే అమ్మ తన 160 రూపాయలనూ పది రూపాయల నోట్లుగా తెచ్చి ఇచ్చింది. ఆ డబ్బుతో పెద్దావిడకీ కోడలికీ విశాఖలో రోజుకు 350 రూపాయల గది తీసుకున్నాం. ఊళ్లో పిల్లలకు బియ్యం, సరుకులు పంపుతున్నాం. ఆవిడ ఒక్క రోజు కూడా మానకుండా రేడియేషన్‌కి వెళ్తోంది. ఈ నెల 28తో అయిపోతుంది.

నేను 143 కిలోమీటర్లు నడిచాను. మ్యాపులో ఎర్ర గీత ఆనందపురం దాటింది. అకౌంటులో ఆ గదికి 28 వరకు సరిపోయే డబ్బుంది, ఆపైన మిగిలేది 2,140 రూపాయలు. ఆ గదిలో ఉండడానికి సోంపేట నుంచి ఇంకో ఇద్దరు అడిగారు. వాళ్ల రేడియేషన్ వచ్చే నెల 3న మొదలవుతుంది. వాళ్లకు ఏం చెప్పమంటారో ఆలోపు తెలియజేయండి.

ఇట్లు,
టెక్కలి నుంచి
ఒక టీచర్