మడతకుర్చీ ఆవిడకి థాంక్స్ చెప్పుకోవాలి

రాత్రి రెండున్నరైంది, నిద్ర పట్టట్లేదు, అందుకే టైప్ చేస్తున్నా, తప్పులుంటే ఏమనుకోకండి. సాయంత్రం హాలోవీన్‌కి (పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ చాక్లెట్లకి వెళ్ళే పండగ) తిరుగుతుంటే మా ఆరేళ్ళోడు పావుగంట సేపు కనపడకుండా పోయాడు. దొరికాడు, ఇదిగో నా పక్కనే పడుకున్నాడు.

2024లో దీపావళి కూడా అక్టోబర్ 31నే పడింది కదా, పూజ చేసుకుని ఇంట్లోనే ఉండిపోయాం, అందుకే వీడికి ఇదే మొదటిసారి. స్పైడర్‌మ్యాన్ డ్రెస్ వేశా. డాలస్ దగ్గర మా కమ్యూనిటీలో ఇవాళ ఎంతమంది స్పైడర్‌మ్యాన్‌లో లెక్కే లేదు! చిన్నదాని షూ ఊడితే వంగి వేసి, లేచి చెయ్యి పట్టుకున్నా, మాస్క్ ఎత్తి చూస్తే వాడు మావాడు కాదు.

ఆ పావుగంట గురించి రాయలేను. తెలియని నంబర్ నుంచి ఫోనొచ్చింది.

ఆవిడకి డెబ్బై దాటుంటాయి. క్యాండీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని డ్రైవ్‌వే చివర మడతకుర్చీలో కూర్చుందట. వెనక పెద్దవాళ్ళెవరూ లేకుండా ఒక్కడే వస్తున్నాడని చూసి లేచి తన కుర్చీలో కూర్చోబెట్టింది. ఇంట్లోకి తీసుకెళ్ళలేదు, వాళ్ళమ్మ వెతుక్కుంటూ వస్తే కనపడాలి కదా అని. తన కుక్క మెడకున్న మెరిసే పట్టీ విప్పి వీడి చేతికి కట్టింది. డ్రెస్ చేతి లోపల టేపు మీద నా నంబర్ రాసి అంటించా, అది చూసి ఫోన్ చేసింది.

వాణ్ణి చూడగానే గడ్డిలో కూలబడ్డా. తిడుతుందనుకున్నా, తిట్టినా పడేదాన్ని. ఆవిడ పిల్లల కోసం పెట్టుకున్న జ్యూస్ ప్యాకెట్ ఒకటి తీసి, నా చేతులు వణుకుతున్నాయని స్ట్రా కూడా తనే గుచ్చి, "ఇది నీకు" అంది. అంతే, అప్పటిదాకా బిగబట్టిన ఏడుపంతా వచ్చేసింది. పేరు కూడా అడగలేదు చూడండి.

మా ఆయన ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చారు, అత్తయ్యగారు ఇంటి దగ్గర వచ్చిన పిల్లలకి చాక్లెట్లు పంచారు, సరే.

కానీ ఒకటి చెప్పాలి. వాడు తప్పిపోయిన మలుపులో స్ట్రీట్ లైట్ ఆగస్టు నుంచి వెలగట్లేదు. హెచ్‌ఓఏకి (మా కమ్యూనిటీ ఇళ్ళ ఓనర్ల సంఘం) రాస్తే సిటీ పనంటారు, సిటీకి రాస్తే కరెంటు కంపెనీ పనంటారు. అదే చెత్తడబ్బా ఒక్కరోజు బయట మర్చిపోండి, ఫొటోతో సహా నోటీసొస్తుంది! డాక్టర్ ఫ్రెండ్ ఇందాకే ఒక స్టడీ పంపింది, 1975 నుంచి 2016 దాకా చూస్తే అమెరికాలో హాలోవీన్ సాయంత్రం రోడ్డు మీద నడిచేవాళ్ళ చావులు మామూలు సాయంత్రాల కన్నా 43 శాతం ఎక్కువట. చదివాక ఇంకేం నిద్ర.

అయ్యో, పికప్ ఆపి హజార్డ్ లైట్లు వేసి మలుపు దగ్గరే నిలబడ్డ అతనికి కూడా థాంక్స్. ఫ్లాష్‌లైట్లతో వెతికిన ఇద్దరు కాలేజీ పిల్లలకీ. చిన్నదాన్ని ఎత్తుకుని ఉన్న గుజరాతీ ఆంటీకీ. వేరుశెనగ అలెర్జీ పిల్లల కోసం గుమ్మంలో టీల్ రంగు (నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు) గుమ్మడికాయ పెట్టి, చాక్లెట్ బదులు మా చిన్నదానికి బొమ్మ స్టిక్కర్లు ఇచ్చిన ఇంటివాళ్ళకీ.

ఇప్పుడే చూశా, ఆ కుక్క పట్టీ ఇంకా మావాడి చేతికే ఉంది. పొద్దున్నే ఇచ్చిరావాలి. ఉత్త చేతుల్తో ఎలా వెళ్తాం, ఆవిడ పులిహోర తింటారంటారా?