జంక్షన్లలో ఆడవాళ్ళ బొమ్మలన్నీ ఒకే అచ్చులోంచేనా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా ఎడిషన్‌లో మా టౌన్ జంక్షన్ ఫొటో వేశారు. కొత్త ఫౌంటెన్, రంగు లైట్లు, పక్కన బిందెలు చంకన పెట్టుకున్న ముగ్గురు పల్లె పడుచుల బొమ్మలు, కింద పల్లె అందాలు ఉట్టిపడుతున్నాయని క్యాప్షన్. ఉట్టిపడితే పడ్డాయి గానీ ఆ ముగ్గురూ ఏ పల్లె వాళ్ళండీ? అదే బొమ్మ పక్క మున్సిపాలిటీ పార్కులో ఉంది, హైవే మీద దాబా ముందు ఉంది, ఫంక్షన్ హాల్ గేటు దగ్గర బిందె తీసేసి చేతులు జోడించి కూడా ఉంది, చీర రంగు ఒక్కటే తేడా. అందరికీ పద్దెనిమిదేళ్ళే, అందరికీ గుప్పెడు నడుమే, అందరిదీ ఒకటే నవ్వు. తెల్లారకముందే ఆ జంక్షన్ ఊడ్చే మున్సిపల్ ఆడవాళ్ళు, అడ్డా మీద కూలి కోసం నిలబడేవాళ్ళు, బీడీల ఆకు మూట నెత్తిన పెట్టుకుని పోయేవాళ్ళు, వీళ్ళలో ఒక్కరి ఒళ్ళు కూడా అలా ఉండదు, ఒక్కరి మొహంలో ఆ నవ్వు నాకు కనపడలేదు.

నేను శిల్పం చదువుకున్నదాన్ని కాబట్టి ఇదెలా జరుగుతుందో చెప్తాను. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి మట్టిలో ఒక బొమ్మ చేస్తారు, దాని మీద అచ్చు తీస్తారు, తీసేటప్పుడు ఆ మట్టిబొమ్మ ఎలాగూ పాడైపోతుంది, ఇక ఆ అచ్చులోంచి ఫైబర్‌తో ఎన్ని కావాలంటే అన్ని. కాంట్రాక్టర్‌కి కొత్త బొమ్మ అంటే మళ్ళీ ఆర్టిస్టు, మళ్ళీ మట్టి, మళ్ళీ నెలల పని, పాత అచ్చయితే రెండ్రోజుల్లో రంగు కొట్టి బండెక్కించేయొచ్చు. టెండర్‌లో మనవాళ్ళు అడిగేది ఎత్తెంత, రేటెంత, అంతే కదా.

పోనీ అచ్చుదే తప్పు అందామంటే అదీ కాదు. మా సంగారెడ్డి జిల్లాలోనే కొండాపూర్ ఉంది, 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తరఫున యాజ్దానీ గారి ఆధ్వర్యంలో తవ్వితే శాతవాహనుల కాలం ఊరు బయటపడిన చోటు. అక్కడి మ్యూజియంలో తెల్లటి సుద్దమట్టి బొమ్మలు చూడండి, ముందు సగానికి ఒక అచ్చు, వెనక సగానికి ఒక అచ్చు, రెండూ అతికించి లోపల బోలుగా చేసినవి. అరచేతిలో పట్టేంత బొమ్మలు, అయినా ఒక్కో ఆడమనిషి కొప్పు ఒక్కో రకం, నగలు వేరు, మొహాలు వేరు. రెండు వేల ఏళ్ళ కింద అచ్చు పోసినవాళ్ళు ఎదురుగా ఉన్న మనుషుల్ని చూశారు, ఇప్పటివాళ్ళు క్యాటలాగ్ చూస్తున్నారు. (మన జిల్లా పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి ఎక్కడెక్కడికో తిప్పుతారు గానీ కొండాపూర్ చూసిన పిల్లలు ఎంతమంది ఉన్నారో కనుక్కోండి.)

ఇంకా వెనక్కి పోతే, చెక్ దేశంలో డోల్ని వెస్టోనిట్సే అనే చోట 1925లో దొరికిన కాల్చిన మట్టిబొమ్మ ఉంది, పాతిక వేల ఏళ్ళ పైమాటే, ఎత్తు 11 సెంటీమీటర్లు. జారిన రొమ్ములు, వెడల్పు తుంటి, నడుం దగ్గర మడత. కాల్చకముందు ఎవరో పిల్లో పిల్లాడో పట్టుకుంటే వేలిముద్ర కూడా దాని మీద అలాగే ఉండిపోయింది. ఇక మన దగ్గర, సూర్యాపేటలో పుట్టి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన జి. రవీందర్ రెడ్డి గారున్నారు. ఆయన చేసిన పెద్ద పెద్ద ఆడవాళ్ళ తలలు కూడా ఫైబర్‌వే, కానీ ఆ మందపాటి పెదాలు, కొప్పులో పూలు, రెప్ప వేయకుండా సూటిగా చూసే కళ్ళు మన బస్సుల్లో, సంతల్లో కనపడేవే. మనల్ని మెప్పించాలని నవ్వరు వాళ్ళు.

ఆ మధ్య మా దగ్గర పొదుపు సంఘం ఆడవాళ్ళకి మట్టిబొమ్మల క్లాస్ పెట్టి, ఎవరి బొమ్మ వాళ్ళు చేసుకోండి అన్నాను. మొదట అందరూ ఆ జంక్షన్ బొమ్మనే చేశారు, సన్న నడుము, పెద్ద జడ. ఒకామె తను చేసినదాన్ని తనే చూసి పకపకా నవ్వి "ఇదెవరే, సీరియల్ల కోడలు లెక్కున్నది, నాకు గిసొంటి నడుము ఎన్నడున్నది" అని దాన్ని ముద్ద చేసేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పొట్ట మీద బొటనవేలితో రెండు మడతలు నొక్కింది, కింద ఆపరేషన్ కుట్టుని అగ్గిపుల్లతో గీసింది. ఇంకో పెద్దామె నాట్లేసి నాట్లేసి వంగిన వీపు చేసింది, కళ్ళూ ముక్కూ సరిగ్గా కుదరనేలేదు గానీ నొప్పంతా ఆ వీపులోనే ఉంది. కాల్చాలంటే బొమ్మ కాస్త గట్టిపడ్డాక కోసి లోపలి మట్టి తోడేసి మళ్ళీ పల్చటి మట్టితో అతకాలి, లేకపోతే లోపలి తడి ఆవిరై బట్టీలో టప్పున పేలిపోతుంది. నేను పొట్ట దగ్గర తీగ పెట్టి కోస్తుంటే మొదటామె అడిగింది, "ఇంకోపారి ఆపరేషనా మేడమ్" అని.

ఇలాంటివి రోడ్డు మీద పెడితే అసహ్యంగా ఉంటుందనేవాళ్ళు ఉంటారు. బట్టల్లేని బొమ్మలు పెట్టమని ఎవరూ అడగట్లేదండీ, చీర కట్టే పెట్టండి, చీర కట్టినా పొట్ట పొట్టే కదా, అది ఉండనివ్వమంటున్నా. వానకీ ఎండకీ మట్టి ఆగదనేది మాత్రం సగం నిజం. బాగా కాలిన మట్టి వానకి కరగదు, కానీ పిల్లలు ఎక్కి ఊగితే విరుగుతుంది. అలాంటివి లైబ్రరీలో, బస్టాండ్ లోపల, కలెక్టరేట్ వరండాలో గోడకి ఆనించి పెట్టొచ్చు, బయట పెట్టేవి మట్టిలో చేసి సిమెంట్‌లోనో కంచులోనో పోయొచ్చు. మాసాబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో శిల్పం నేర్చుకునే పిల్లలున్నారు, జిల్లాలో కుండలకి గిరాకీ తగ్గి వేరే పనులకి పోతున్న కుమ్మరి కుటుంబాలున్నాయి, ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి డబ్బులిచ్చి చేయించండి.

ఉన్న ముగ్గుర్నీ పీకేయమనట్లేదు, పాపం వాళ్ళేం చేశారు. రెండో విడతలో ఇంకో రెండు జంక్షన్లు ఉన్నాయని మీ వార్తలోనే రాశారు. ఆ టెండర్‌లో ఒక్క షరతు రాయమనండి, పాత అచ్చులు వాడకూడదు, బొమ్మ ఈ ఊరి మనుషుల్ని చూసి కొత్తగా మట్టిలో చేయాలి, పోత పోయకముందు ఆ మట్టిబొమ్మని వారం పాటు మున్సిపల్ ఆఫీసులో జనానికి చూపించాలి. టెండర్ పిలవకముందే ఈ ఉత్తరం వేస్తే మేలు.

ఇట్లు
ఒక పాఠకురాలు, సంగారెడ్డి జిల్లా