వంజంగి కొండకు కార్లు కాదు, బస్సులు కావాలి

సంపాదకులకు నమస్కారం.

చలికాలంలో శని, ఆదివారాలు వస్తే తెల్లవారకముందే పాడేరు నుంచి వంజంగి దారి కార్లతో నిండిపోతుంది. మేఘాల మీద సూర్యోదయం చూడాలంటే అందరూ ఆ రెండు గంటల్లోనే కొండ కిందికి చేరాలి. దారి ఆరేడు కిలోమీటర్లే గానీ సన్నం. ఒక్క కారు అడ్డంగా ఆగితే వెనక బారంతా ఆగుతుంది. ఆ బారులో 108 వాహనం చిక్కుకుంటే లోపలి ఊళ్ల వాళ్ల గతేమిటి? డోలీ మోతలు ఇంకా తప్పని ప్రాంతం ఇది.

రోడ్డు వెడల్పు చేస్తే చాలనేవారున్నారు. అందుకు కొండవాలు తవ్వాలి, కాఫీ తోటల నీడచెట్లు కొట్టాలి. తవ్విన వాలు వానాకాలంలో జారుతుంది. వెడల్పైన దారికి మరిన్ని కార్లు వస్తాయి, ఆపుకోవడానికి కొండ కింద చోటు మాత్రం పెరగదు.

ఒక లెక్క చూడండి. ఆరువందల మంది కారుకు నలుగురు చొప్పున వస్తే 150 కార్లు. ఒక్కోదానికి ఆరు మీటర్లు వేసుకున్నా రోడ్డు పక్కన 900 మీటర్ల బారు. అదే జనానికి 24 సీట్ల మినీ బస్సులైతే 25 ట్రిప్పులు సరిపోతాయి. పైకి 20 నిమిషాలు, కిందికి 20, ఎక్కి దిగడానికి పది, మొత్తం 50 నిమిషాలు. 3 గంటలకు, 3.50కి, 4.40కి బయల్దేరితే ఒక్కో బస్సు మూడు ట్రిప్పులు వేస్తుంది. తొమ్మిది బస్సులు చాలు. ఏదైనా ఆగిపోతే మార్చడానికి పదోది ఉండాలి. కార్లు పాడేరులోనే ఆపాలి.

అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో వస్తుంది. వెళ్లేటప్పుడు జనం రెండు గంటల మీద విడివిడిగా వస్తారు. ఎండెక్కి మేఘం చెదరగానే అందరూ ఒక్కసారి కిందికి దిగుతారు. తొమ్మిది బస్సులు ఒక విడతకు 216 మందినే తీసుకెళ్లగలవు. మూడో విడత వాళ్లు గంటా నలభై నిమిషాలు ఆగాలి. ఆ సంగతి ముందే చెప్పకపోతే తోపులాట ఖాయం, మరుసటి వారం అందరూ మళ్లీ కారే కావాలంటారు. అందుకే టికెట్ మీదే తిరుగు బస్సు సమయం ముద్రించాలి. బస్సులు ఆగే చోట మరుగుదొడ్లు, తాగునీరు, వానకు తడవని షెడ్డు ముందుగా కట్టాలి. ఆ ఎదురుచూపు సమయంలోనే స్థానికుల టీ, టిఫిన్, కాఫీ గింజల అమ్మకం సాగుతుంది.

ఇప్పుడు జీపులు, ఆటోలు నడుపుకుంటున్న గిరిజన యువకుల నోటికాడ కూడు తీసే పథకం కాకూడదు. బస్సుల నిర్వహణ వాళ్ల సంఘాలకే అప్పగించాలి. పార్కింగ్ స్థలం, టికెట్ ధర, వచ్చిన డబ్బులో ఊరి వాటా గ్రామసభలో తేలాలి. బయటి కాంట్రాక్టరు చేతిలో పెడితే ఊరికి మిగిలేది చెత్తే.

విశాఖ నుంచి పాడేరు దాకా ఘాట్ సంగతి కూడా ఆలోచించాలి. మైదానంలో బండి నడిపే అలవాటున్నవారు నిద్ర లేకుండా, మంచులో ఈ మలుపులు ఎక్కుతున్నారు. దిగేటప్పుడు గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలు ఉంచుతారు. డ్రమ్ములు, డిస్కులు వేడెక్కి బ్రేకు పట్టు తప్పుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపేవారూ ఉన్నారు, అది ఇంకా ప్రమాదం. అర్ధరాత్రి ద్వారకా బస్టాండు నుంచి ఘాట్ అలవాటున్న డ్రైవరుతో ఆర్టీసీ బస్సులు వేసి, పాడేరులో మినీ బస్సు వేళకు కలిపితే సొంత కారు అవసరమే చాలామందికి ఉండదు. ఇక్కడ పది నిమిషాలు తేడా వస్తే సూర్యోదయం పోతుంది, కాబట్టి ఆర్టీసీ బస్సు ఆలస్యమైతే మినీ బస్సు ఆగాలి.

విద్యుత్ బస్సులు ఘాట్ ఎక్కగలవా అనే సందేహం అక్కర్లేదు, 2022 నుంచి తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ వాటిని నడుపుతోంది. దిగేటప్పుడు మోటారే బండిని పట్టి ఉంచి, కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. అయితే పైన బ్యాటరీ నిండుగా నింపి దించితే ఆ కరెంటుకు చోటుండదు, మోటారు బ్రేకు సరిగా పనిచేయదు. ఛార్జింగ్ పాడేరులోనే పెట్టాలి. ఈదురుగాలులకు కరెంటు పోయే ఏజెన్సీలో మొదటి ఏడాది డీజిల్ మినీ బస్సులతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

ఊటీ, కొడైకెనాల్‌లలో 2024 మే నుంచి ఈ-పాస్, అంటే బండి రావడానికి ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాల్సిన అనుమతి, ఉంది. అది బండ్లను లెక్కపెడుతుంది గానీ బండి లేనివాడికి దారి చూపదు. మహారాష్ట్ర కొండ ఊరు మాథేరాన్‌లో మోటారు వాహనాలను ఊరి బయట దస్తూరి నాకా దగ్గరే ఆపేస్తారు. మనకు ఆ పద్ధతి నయం, పక్కనే బస్సు సిద్ధంగా ఉంటే.

వచ్చే సీజన్లో నాలుగు వారాంతాలు ప్రయోగం చేయాలని జిల్లా యంత్రాంగాన్ని, ఐటీడీఏను (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థను) కోరుతున్నాను. ప్రతి ఆదివారం రాసిపెట్టాల్సిన అంకె ఎంతమంది పైకి వెళ్లారన్నది కాదు, ఆఖరి మనిషి పాడేరుకు తిరిగి చేరిన సమయం.

ఇట్లు
ఒక పాఠకుడు,
పాడేరు, అల్లూరి సీతారామరాజు జిల్లా